మోకు రెండో కొస

నా చిన్నప్పుడు మా వీధిలో మనిషిని మనిషి కొట్టడానికి పెద్ద కారణం అక్కరలేకపోయేది. కుళాయి దగ్గర బిందె కాస్త ముందుకు జరిగితే చాలు, ఎవరిదో ఒకరి తల పగిలేది. విశాఖపట్నం రేవుకు ఆనుకుని, ఆరేసిన బట్టల మీద బొగ్గు దుమ్ము వాలే చోట, రెండు వరసల పాకలుండేవి. ఒక వరస మాది, గోదావరి జిల్లా నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళది. ఎదుటి వరస బర్మా వాళ్ళది. నడుమ మురికి కాలవ, దాని మీద నడవడానికి ఒక చెక్క పలక.

బర్మా వాళ్ళంటే బర్మీయులనుకునేరు. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి ఓడెక్కి, రంగూను మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి వెళ్ళిన తెలుగువాళ్ళు. అక్కడ ప్రభుత్వం మారి, మీ దేశం మీరు పొండని తరిమేస్తే కట్టుబట్టలతో తిరిగొచ్చి ఇక్కడ దిగారు. వాళ్ళలో మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళూ లుంగీలే కట్టేవారు, రంగూను పద్ధతిలో సేమ్యాని పులుసులో ఉడకబెట్టేవారు. పిల్లల బుగ్గలకు ఏదో చెట్టు బెరడు అరగదీసి పసుప్పచ్చటి పూత పూసేవారు. ఆ మాత్రానికే మావాళ్ళ కళ్ళకు వాళ్ళు పరదేశులైపోయారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి ఏమిటంటే, వాళ్ళ నోట్లో ఉన్నది అచ్చంగా ఈ ఊరి మాట. 'నాను' అనేవారు, 'ఏటి' అనేవారు. 'ఆయ్' అంటూ, 'అండి' అంటూ రైలు దిగినవాళ్ళం మేము. పరాయి యాస మాది, పరాయివాళ్ళన్న పేరు వాళ్ళది.

మా తాతయ్య గోదావరి మీద పడవల్లో బతికిన మనిషి. మోకుల సంగతి ఆయనకు తెలిసినంత మా వరసలో ఎవరికీ తెలియదు. తెగిన మోకుల్ని పురి విప్పి అతికే పని రేవులో దొరికింది ఆయనకి. మొలలో వంకీ కత్తి ఎప్పుడూ ఉండేది. మా నాన్న బస్తాలు మోసేవాడు. మాకు సరిగ్గా ఎదుటి పాకలో ఉండే మనిషిని నేను బర్మా మామ అని పిలిచేవాణ్ణి. ఆయనా బస్తాలే మోసేవాడు, కానీ పని దొరికిన రోజునే. మా నాన్న కనబడితే చాలు, "ఏటి బావా, ఎలిపోతన్నావా?" అని పలకరించేవాడు. మా నాన్నకి అది గిట్టేది కాదు.

"నీకు నేను బావనెప్పుడయ్యాన్రా?" అనేవాడు పళ్ళు నూరుతూ.

"ఈ ఊర్లో మగోళ్ళందరూ బావలే. నువ్వొక్కడివే కలకటేరువి!" అని నవ్వేవాడు బర్మా మామ. ఆ నవ్వుకి మా నాన్న మరింత మండిపడేవాడు.

అప్పట్లో రేవు పనివాళ్ళు రెండు రకాలు. మెడలో ఇత్తడి బిళ్ళ ఉన్నవాడికి ఏడాది పొడుగునా పని, దెబ్బ తగిలితే మందు, మూలపడితే ఎంతో కొంత జీతం. బిళ్ళ లేనివాడు రోజూ పొద్దున్నే గేటు ముందు నిలబడాలి. మేస్త్రీ వేలెత్తి చూపిస్తే పని, లేకపోతే మంచినీళ్ళు తాగి ఇంటికి పోవడమే. ఆ మేస్త్రీ మా ఊరి పక్క ఊరివాడు, మా నాన్నకి వరసకి అన్న. ఒక ఏడు కొత్తగా ఒక గ్యాంగుకు బిళ్ళలు వచ్చాయి. మావాళ్ళకే ఇచ్చేద్దామనుకున్నాడు మేస్త్రీ. కానీ రేవు ఆఫీసులో పైవాడెవడో, రెండు వరసలవాళ్ళనీ చూసి గట్టివాళ్ళకివ్వమన్నాడట. దాంతో మేస్త్రీ మోకు లాగుడు పందెం పెట్టాడు. గెలిచిన గ్యాంగుకు బిళ్ళలు.

మావాళ్ళు ఓడినా ఊరి నుంచి వడ్లు వస్తాయి, అక్కడ ఓ చెక్క పొలం ఉంది, ఇక్కడ మేస్త్రీ ఉన్నాడు. బర్మా మామ ఓడితే మర్నాడు మళ్ళీ గేటు ముందు నిలబడాలి. ఆ పందెం రోజుకి ఆయన భార్య బర్మా అత్త కడుపుతో ఉంది. చంటిపిల్ల ఒకతె అప్పటికే చంకలో ఉంది.

ఆదివారం నాడు ఓడ లేని గట్టు మీద మోకు పరిచారు. మనిషి మణికట్టంత లావు మోకు. రెండు వరసల జనమూ వచ్చారు. మావైపు మనుషుల వెనక బస్తాలు గోడలా పేర్చి ఉన్నాయి. మావైపు చివరి మనిషి మా నాన్న. ఆయన నడుం చుట్టూ తిప్పిన మోకు తోక వెనక్కి పోయి, బస్తాల సందులో పరిచిన గోనెల కింద ఎక్కడో ఉంది. అటు మొదటి మనిషి బర్మా మామ.

ఈల మోగగానే గట్టు అదిరింది. ఒక్కసారిగా బర్మా వాళ్ళు మావాళ్ళని గుంజారు. మావాళ్ళ కాళ్ళు కదిలాయి గానీ మోకు కదల్లేదు. తర్వాత మావాళ్ళు జానెడు లాగారు. కాసేపటికి మరో జానెడు. బర్మా వాళ్ళ అరచేతులు చీరుకుపోయి మోకు ఎర్రబడింది. ఒకడికి దగ్గు తెర వస్తే వాళ్ళ వరస మొత్తం ముందుకు జారింది. బర్మా మామ మెడనరాలు తాళ్ళలా లేచాయి. మడమల్ని రాతిపలకల సందుల్లో గుచ్చి నిలబడ్డాడు. మడమల కింద రక్తం. మా ఆడవాళ్ళ కేకలు, వెక్కిరింతలు: "ఒంట్లో ఏం లేదండీ ఈళ్ళకి! సేమ్యా తినే జాతి, బస్తాలేం మోస్తారు!"

నేను కూడా గెంతుతున్నాను. తాతయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏరా అబ్బాయ్, ఎవరు గట్టోళ్ళు?"

"మనోళ్ళే తాతయ్యా!"

"అయితే రా."

నన్ను బస్తాల వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ మేస్త్రీ బావమరిది గొంతుక్కూచుని ఉన్నాడు. ఓడల్ని కట్టే ఇనపగుంజ ఒకటి అతని ముందుంది. మోకు తోక దానికి చుట్టి ఉంది. మావాళ్ళు జానెడు లాగగానే ఆ జానెడునీ గుంజకు చుట్టి బిగించేస్తున్నాడు. ఇక అది వెనక్కి పోదు. మావాళ్ళు ఊపిరి పీల్చుకోవచ్చు, చేతులు మార్చుకోవచ్చు, కాలు జారినా ఫరవాలేదు. అవతలివాళ్ళు మాత్రం గెలిచిన ప్రతి అంగుళాన్నీ సొంత మడమల మీద నిలబెట్టుకోవాలి. అసలు వాళ్ళు ఒక్క అంగుళం కూడా గెలవలేరు. వాళ్ళు లాగుతున్నది మనుషుల్ని కాదు, భూమిలోకి దిగేసిన ఇనుముని.

"ఇప్పుడు చెప్పరా, ఎవరు గట్టోళ్ళు?" అన్నాడు తాతయ్య.

నేను గుంజ కేసి వేలు చూపించాను.

మేస్త్రీ బావమరిది తలెత్తి చూశాడు. "ముసలాయనా, నీ కొడుకు కూడు కూడా ఈ గుంజ మీదే ఉంది. నోరు మూసుకుని ఎల్లిపో!"

తాతయ్య వెళ్ళలేదు. నన్ను వెనక్కి నెట్టి, మొలలోని కత్తి తీసి, బిగిసి మూలుగుతున్న మోకు మీద ఒక్క వేటు వేశాడు. పురులు టపటపా విడిపోయాయి. తెగిన తోక పాములా లేచి మేస్త్రీ బావమరిది చెంపని చీల్చింది. ముందువైపు, అంతసేపూ గుంజ దన్నుతో నిలబడ్డ మావాళ్ళు ఒక్క పట్టున బోర్లాపడ్డారు. రాతి మీద మొహాలు ఈడ్చుకుంటూ పోయారు. మా నాన్న గడ్డం తోలు ఊడిపోయింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏం అర్థం కాలేదు. అటువైపు నుంచి ఎవడో, "ఏటి బావా, నేల నాకుతన్నారేటి? కూరలో ఉప్పు సాల్లేదా?" అన్నాడు. అంతే.

బస్తాలెత్తే ఇనప కొక్కేలు రెండు వైపులా ఉన్నాయి. అవి లేచాయి. ఒకడి చెవి తెగి వేలాడటం చూశాను. ఒకణ్ణి గట్టు అంచు నుంచి నీళ్ళలోకి తోసి, అంచు పట్టుకున్న వేళ్ళని మడమతో తొక్కుతుంటే చూశాను. వేళ్ళ మీద నిలబడ్డవాడు మావాడే, రోజూ నాకు జీళ్ళు కొనిపెట్టే బాబాయి. ఆ మొహం నేను అంతకు ముందెప్పుడూ చూసిన మొహం కాదు.

మా నాన్న లేచి, రక్తం తుడుచుకుంటూ బస్తాల వెనక్కి వచ్చాడు. తాతయ్య చేతిలో కత్తి చూశాడు. తెగిన మోకు చూశాడు. పిడికిలి బిగించి కన్నతండ్రి దవడ మీద గుద్దాడు. కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. తాతయ్య కూలబడితే డొక్కలో తన్నాడు. వెనకే వచ్చిన మావాళ్ళు, "సొంతోళ్ళ కూట్లో మన్ను కొట్టాడు, పొడిచెయ్యండ్రా!" అంటూ మీద పడ్డారు. నేను అరుస్తున్నాను. నా అరుపు నాకే వినపడలేదు.

అప్పుడు బర్మా మామ వాళ్ళని తోసుకుంటూ వచ్చి తాతయ్య మీద బోర్లా పడుకున్నాడు. తాతయ్య కోసం లేచిన కొక్కెం బర్మా మామ కుడి భుజంలో దిగింది. కొక్కెం గుచ్చినవాడు దాన్ని ఊడదియ్యడానికి గుంజుతున్నాడు. బర్మా మామ తలెత్తి మా నాన్న మొహంలోకి చూసి, "ముసిలోడు సచ్చిపోతాడు బావా! నీ బాబురా! ఆపరా!" అన్నాడు. అంత నొప్పిలోనూ బావా అనే అన్నాడు.

కాపలావాళ్ళు లాఠీలతో వచ్చారు. ముందు లుంగీలవాళ్ళని బాదారు, తర్వాతే మిగిలినవాళ్ళ జోలికి వచ్చారు.

మేస్త్రీ తీర్పు మర్నాడు చెప్పాడు. మోకు తెగింది కాబట్టి పందెం చెల్లదట. పందెం లేకపోతే ఇష్టం మేస్త్రీదే కదా. బిళ్ళలు మావాళ్ళ మెడల్లో పడ్డాయి. బర్మా మామ కుడి చెయ్యి ఆ తర్వాత భుజం కంటే పైకి లేవలేదు. బస్తా మోసే మనిషికి చెయ్యి లేవకపోతే ఇంకేముంది?

తాతయ్య దవడకి గుడ్డ కట్టారు. నమలలేడు, మాట్లాడలేడు. బర్మా అత్త పలక దాటి, మెత్తగా ఉడికించిన సేమ్యా పులుసు గిన్నెలో తెచ్చింది. మా నాన్న ఆ గిన్నెని కాలవలో విసిరేశాడు. మర్నాడు ఆవిడ ఇంకో గిన్నె తెచ్చింది. ఆ సాయంత్రమే తాతయ్య తన చాప చుట్టుకుని, పలక దాటి వెళ్ళి వాళ్ళ అరుగు మీద పరుచుకున్నాడు. పోయేదాకా ఇవతలికి రాలేదు. మా నాన్న రమ్మని పిలవనూ లేదు. స్కూలుకి డుమ్మా కొట్టి నేను పలక దాటేవాణ్ణి. సగం కట్టిన నోటితో ఆయన నాకు పురి విప్పడం, పురి వెయ్యడం నేర్పాడు. బస్తాల మీది అచ్చు అక్షరాలు కూడబలుక్కుని నేను చదువు నేర్చుకున్నదీ ఆ అరుగు మీదే.

తర్వాతి సంగతులు ఊరందరికీ తెలిసినవే. మా నాన్నకి ఒకసారి కాలు విరిగింది. బిళ్ళ ఉంది కనుక ఇంట్లో పొయ్యి ఆరలేదు. ఒక ఏడు పని పడిపోతే ఊరి వడ్లు దిగాయి. స్టీలు ప్లాంటు వచ్చినప్పుడు మావాళ్ళు ఒకరి చెయ్యి పట్టుకుని ఒకరు లోపలికి పోయారు. వాళ్ళ పిల్లలు ఇంజినీర్లయ్యారు. బర్మా మామ ఎడం చేత్తో తోపుడుబండి మీద సేమ్యా వండి అమ్మాడు. అమ్మకం లేని రోజున ఆ సేమ్యాయే ఇంటిల్లిపాదికీ కూడు. ఆయన కొడుకు ఆటో తోలాడు, మనవడూ ఆటోయే తోలుతున్నాడు. వాళ్ళలోనూ పైకొచ్చినవాళ్ళున్నారు, కాదనను. మాలోనూ తాగి చెడినవాళ్ళున్నారు. కానీ మాలో చెడినవాణ్ణి ఎవరో ఒకరు లేపి నిలబెట్టారు. వాళ్ళలో పడినవాడు పడినట్టే ఉన్నాడు.

మొన్నీమధ్య మధురవాడలో మావాళ్ళ సభ ఒకటి జరిగింది. కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే మా తమ్ముడి మనవడు తెర మీద బొమ్మలు వేశాడు. ఇటు మా మేడలు, మా కార్లు. అటు బర్మా వాళ్ళ ఇరుకు సందులు, ఆటోలు. ఒకే రేవులో, ఒకే కాలంలో బతుకు మొదలుపెట్టామని, తేడా అంతా కష్టపడే గుణంలోనే ఉందని తేల్చాడు. చప్పట్లు మోగాయి. నాకు రక్తం మరిగింది. వేదికెక్కి మైకు లాక్కుని, "ఒరేయ్, మోకు రెండో కొస ఎక్కడుందో చూశావురా నువ్వు?" అన్నాను. మొదలుపెట్టి అంతా చెప్పాను, మా నాన్న పిడికిలితో సహా. సగంలో మైకు ఆపేశారు. ఆపేసినా చెప్పాను. నాకు మనవళ్ళ వయసువాళ్ళు భుజాలు పట్టి కుర్చీలోకి తోస్తే దానితో సహా పడ్డాను. మోచెయ్యి చిట్లింది. "పెద్దాయనకి మతి చెడిందండీ, ఇంటికి తీసుకెళ్ళిపోండి," అన్నారెవరో, ఎంతో మర్యాదగా.

ఆ కుర్రాడే నన్ను కారులో ఎక్కించుకున్నాడు. గోపాలపట్నం వచ్చాక మెల్లగా, "అదంతా ఎప్పటి సంగతో కదా తాతయ్యా. ఇప్పుడు గుంజలెక్కడున్నాయి చెప్పండి?" అన్నాడు.

"నీ మొదటి ఉద్యోగానికి ఎవరు ఫోన్ చేశార్రా?" అన్నాను.

వాడు హారన్ కొట్టాడు. ముందు ఒక్క బండీ లేదు.

వాణ్ణి నేను తిట్టలేదు. చిన్నప్పుడు మా వరసలో నిలబడి నేనూ మనోళ్ళే గట్టోళ్ళని కేకలు పెట్టినవాణ్ణే. బస్తాల వెనక్కి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు నాకొకడు దొరికాడు, అంతే తేడా. ఇప్పటికీ ఎవడైనా గెలిచి మీసం తిప్పితే నా కాళ్ళు వాటంతటవే వాడి వెనక్కి నడుస్తాయి. ఎవడైనా పడిపోతే వాడి మడమల కేసి చూస్తాను. దీనివల్ల నాకు స్నేహితులు మిగల్లేదు, పెళ్ళిళ్ళకి పిలుపులూ తగ్గాయి. మా నాన్న పోయాక ఆయన బిళ్ళ, దానితో వచ్చిన క్వార్టరు, పొలం పంచుకోవడానికి మా అన్నదమ్ములు కొట్టుకున్నారు. తాతయ్య నుంచి వచ్చింది ఈ కోపం ఒక్కటే. అందులో వాటా ఇమ్మని మాత్రం నన్ను ఎవరూ అడగలేదు.