నెలాఖరు తల్లులు

కాన్పుల ఆసుపత్రి రికార్డుల గదిలో కూర్చునే గుమాస్తాను నర్సులందరూ బాబాయి అనే పిలుస్తారు. మనిషి ముక్కోపి, మనసు వెన్న. ఆరేళ్ళుగా నెలనెలా కాన్పయినవాళ్ళ జాబితా కంప్యూటర్లోంచి తీసి పెద్ద నర్సుకిస్తాడు. ఆవిడ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "ఎలా ఉన్నావమ్మా? నిద్ర పడుతోందా?" అని అడుగుతుంది. ఈ ఫోన్ల ఆలోచన బాబాయిదే. తొలి కాన్పయ్యాక ఆయన భార్య వారం రోజులు గోడకేసి చూస్తూ కూర్చుంటే, ఏమైందని అడగాలని ఆయనకు తోచనేలేదు. ఆ తప్పు ఆయన్ని ఇప్పటికీ తొలుస్తూనే ఉంటుంది.

ఒకరోజు పొద్దున చంటిబిడ్డను భుజాన వేసుకుని ఒక అమ్మాయి తలుపు దగ్గర తచ్చాడింది.

"అందరికీ ఫోన్లు వచ్చాయటండీ, నాకే రాలేదు. నొప్పుల్లో నర్సమ్మ చెయ్యి కొరికేశాను. ఆ కోపమేమోనని..."

బాబాయికి నవ్వొచ్చింది. "కొరికినవాళ్ళందరి మీదా అలిగితే ఆవిడకి అలగడంతోనే సరిపోతుంది. ఎప్పుడమ్మా కాన్పు?"

"ముప్పై ఒకటో తారీఖు, మధ్యాహ్నం."

జాబితాలో ఆ అమ్మాయి పేరు లేదు. అసలు ముప్పై ఒకటిన ఒక్కరి పేరూ లేదు. నెలాఖరు రోజున పిల్లలు పుట్టడం మానేశారా ఏమిటి? బాబాయి వెంటనే వెతికి చూశాడు. జాబితా తియ్యమని కంప్యూటర్‌కి తాను రాసిపెట్టిన ఆదేశంలో "ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా" అని ఉంది. కంప్యూటరేమో తేదీతోపాటు గంటలూ చూస్తుంది. గంట చెప్పకపోతే ఆఖరి రోజు మొదలైన క్షణం దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత కాన్పయినవాళ్ళంతా బయటే. "వచ్చే నెల ఒకటో తేదీకి ముందు" అని మార్చి మీట నొక్కాడు. ఇంకో పదకొండు పేర్లు బిలబిలమంటూ వచ్చాయి.

"తప్పు నాది తల్లీ," అన్నాడు. "నువ్వెలా ఉన్నావు?"

ఆ అమ్మాయి "బాగానే ఉన్నానండీ" అనబోయి, కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన బిడ్డనందుకుని పెద్ద నర్సును కేకేశాడు.

ఆ వారమంతా భోజనాల వేళ, ఆరేళ్ళుగా తప్పిపోయిన నెలాఖరు తల్లులకు బాబాయే ఫోన్లు చేశాడు. కొందరు నవ్వారు. కొందరు రాంగ్ నంబరన్నారు. ఒకామె మాత్రం ఆయన చెప్పిందంతా విన్నది.

"మావాడికిప్పుడు ఐదేళ్ళండీ," అంది. "ముందురోజు కాన్పయిన పక్క మంచం అమ్మాయికి మీరు ఫోన్ చేశారని తెలిసి, నెలంతా ఫోన్ దిండు పక్కనే పెట్టుకున్నాను."

బాబాయి కంచం పక్కకు జరిపి, "ఇప్పుడు చెప్పమ్మా, వింటాను," అన్నాడు.