ధర్మవరంలో తీసిన ఆ షాట్

డిగ్రీ చివరి ఏడాదిలో చెప్పిన ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లూ మోస్తూ వచ్చాను. పెళ్లయింది, బిడ్డ పుట్టింది, ఆ బరువు మాత్రం దిగలేదు. పాపకు కాస్త ఒళ్లు వెచ్చబడినా నా తప్పే దీనికి తగిలిందేమోనని భయపడతాను. పిచ్చి భయమని తెలుసు. తెలిసినా పోదు. మా ఆయనకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

మేం హిందూపురంలో చదువుకునేవాళ్లం. కాలేజీ పోటీ కోసం ముగ్గురం కలిసి చిన్న సినిమా తీశాం. ధర్మవరం నుంచి పద్మ, పెనుకొండ నుంచి డేవిడ్, నేను. పద్మ వాళ్ల నాయన మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. సినిమా ఆయన గురించే. మాటలు పద్మ రాసింది. డేవిడ్ మైకు పట్టుకున్నాడు. కెమెరా, ఎడిటింగ్ నావి. కెమెరా అంటే మా అన్న ఫోనే.

మేం వెళ్లిన రోజు మగ్గం మీద కొత్త డిజైను ఉంది. నేసినంత మేర పాత పంచె కప్పి ఉంచారు.

"అది మాత్రం ఎత్తొద్దమ్మా," అన్నాడాయన. "షావుకారి కొత్త డిజైను. చీర అంగడికి పోయేదాకా బయటోళ్ల కంట పడకూడదు. మా ఇంటిదానికే చూపీలేదు. చూసిందంటే నాకే కావాలంటాది."

అందరం నవ్వాం. పద్మకు మాత్రం ఆయన చూపించాడు. రంగులు ఎంచింది ఆమే. కాలేజీ అయిపోయాక నాయన పక్కన కూర్చుని డిజైన్లు వేయాలని ఆమె ఆశ.

మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచారు. వెలుతురు బాగుంది, ఒక్క షాట్ తీసుకుని వస్తానన్నాను. పంచె ఎత్తాను. నేరేడు రంగు కొంగు మీద వేరుశనగ చెట్లు, వేళ్లకు జరీ కాయలు. అలాంటి కొంగు నేనెప్పుడూ చూడలేదు. ఆయన మాట గుర్తులేక ఎత్తానా? కాదు. గుర్తుంది. కొద్ది క్షణాల షాట్‌ని ఎవరు గమనిస్తారులే అనుకున్నాను. ఎడిటింగ్‌లో దాన్ని చూసి డేవిడ్ అడిగితే, పద్మ వాళ్ల నాయన ఒప్పుకున్నాడని చెప్పాను. పద్మ మొదటిసారి చూసింది కాలేజీలో, అందరి మధ్య. ఏమీ అనలేదు. మాకు బహుమతి వచ్చింది. ఆ రాత్రే డేవిడ్ సినిమాను నెట్లో పెట్టాడు.

ఆ చీర అంగడికి చేరకముందే, అవే వేరుశనగ కాయలు పవర్‌లూమ్ చీరల మీద కనిపించాయి. షావుకారు ఫోన్లో మా సినిమా పట్టుకుని వాళ్లింటికి వచ్చాడట. ఇక ఈ మగ్గానికి కొత్త డిజైను ఇవ్వనని తేల్చేశాడట. విషయం తెలిసి డేవిడ్ సినిమాను నెట్లోంచి తీసేశాడు. పద్మ నాయన నన్ను పిలిపించాడు.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే నిజం చెప్పేదాన్నేమో. ఏమో, అదీ నమ్మలేను.

"ఎవురమ్మా ఎత్తింది?"

"పద్మే ఎత్తి చూపించింది అంకుల్. తీసుకోమంది."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నువ్వేనా పాపా?"

పద్మ నా వైపు చూసింది. తర్వాత, "ఊ," అంది.

ఎందుకంది? ఇంటికొచ్చిన పిల్లను నాయన ముందు నిలదీయలేకనా? మా నాయన సంగతి ఆమెకు తెలుసు. అవ్వ బతిమాలితే తప్ప నన్ను ధర్మవరం పంపని మనిషి. ఫిర్యాదు వస్తే నా చదువు అక్కడితో ఆగేది. ఈ కారణాన్ని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ నా చదువు నిలుపుకోవడానికి ఆమె మీద వాళ్ల నాయనకున్న నమ్మకాన్ని ఎందుకు లాక్కున్నాను? అది నాది కాదు కదా.

డిజైను ఇంకెక్కడి నుంచైనా బయటికి పోయి ఉండవచ్చు. మగ్గానికి డిజైను అట్టలు కొట్టినవాళ్లున్నారు, రంగులద్దినవాళ్లున్నారు. సినిమా వల్లే అని ఎవరూ తేల్చలేదు. అలా అనుకుని కొన్నాళ్లు నిద్రపోయాను. కానీ అబద్ధం ఇంకెక్కడి నుంచో రాలేదు. నా నోట్లోంచి వచ్చింది.

పద్మ డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పని. కొన్నాళ్లకు వాళ్ల నాయనకు వేరే షావుకారి పని దొరికింది కానీ, కొత్త డిజైను ఎక్కితే కూతురు ఇంట్లో ఉండగా మగ్గం గది తలుపు మూస్తాడని డేవిడ్ చెప్పాడు.

ఈమధ్య పాపకు టీకా వేయించడానికి వెళ్తే, ఆసుపత్రి బయట పద్మ ఎదురైంది. నేను తప్పుకోబోయాను. ఆమే వచ్చి పాపను ఎత్తుకుంది.

"ఏం పేరు పెట్టినావే? అచ్చం నీ ముక్కే వచ్చిండాది, పాపం!" అని నవ్వింది. తర్వాత పాపను ఆడిస్తూనే అడిగింది. "మన సినిమా ఉండాదా నీ దగ్గర? మా నాయన నేస్తాంటే చూసి శానా రోజులాయ."

పంపుతానన్నాను. ఇంటికొచ్చి పాత లాప్‌టాప్ తెరిచాను. సినిమా ఉంది. మేం తీసినవి తీసినట్టుగా ఉన్న ముక్కలూ ఉన్నాయి. కొంగు షాట్ మొదట్లో పంచె ఎత్తుతూ ఒక చేయి కనిపిస్తుంది. నా గాజులు, నా చేయి. అడ్డంగా ఉందని అప్పట్లో అంతమేర కత్తిరించాను. తర్వాత, కత్తిరించడమే మేలైందని సంతోషించాను. అవును, సంతోషించాను.

పద్మ అడిగింది సినిమానేనా? ఇంకేమైనా అడగాలనుకుని అడగలేదా?

పాప నిద్రపోయాక ఇందాకే సినిమా, కత్తిరించని ఆ షాట్ రెండూ పంపాను. "రెండోది మీ నాయనకు చూపించు. ఆ చేయి నాది," అని రాశాను. క్షమించమని కూడా రాసి, చెరిపేశాను. అది అడిగితే మళ్లీ ఆమే నాకు ఏదో ఇవ్వాలి.

జవాబు రాలేదు. ఆయన చూస్తాడో, చూసి తలుపు తెరుస్తాడో తెలియదు. ఇన్నేళ్ల తర్వాత తెరిచినా, ఆమె వేయాల్సిన డిజైన్లు వెనక్కి రావు. అయినా పంపాక గుండె నిండా ఊపిరి తీసుకోగలిగాను.