కిటికీలోంచి వేసిన సంచి

మార్గశిరం మంచులో తడిసిన అనపకాయల వాసన ఆ సంచిని ఇంకా వదల్లేదు. మా అవ్వ చేత్తో కుట్టిన నీలం గుడ్డ సంచి అది. దాని పిడికి ఎయిర్‌పోర్టు వాళ్లు అంటించిన పసుపు కాగితం కూడా అలాగే ఉంది. పీకేద్దామని చేయి పోతుంది గానీ మనసు రాదు.

నా చిన్నప్పుడు మేము బాగేపల్లిలో ఉండేవాళ్లం, నాన్నకు చిల్లర అంగడి. అనపకాయల కాలం వచ్చిందంటే అవ్వ అక్కనూ నన్నూ వెంటబెట్టుకుని తన పుట్టింటికి, జంగమకోటెకు బయలుదేరేది. చింతామణిలో బస్సు మారాలి. వేయించిన చెనక్కాయల పొగ, డీజిలు కంపు, కనకాంబరాల బుట్టలు, కన్నడంలో ఊళ్ల పేర్లు అరిచే కండక్టర్లు, ఆ అరుపుల మధ్యే తెలుగులో బేరాలు, ఇంత గందరగోళంలోనూ అక్క లంగా ఎగ్గట్టి పరుగెత్తి, జంగమకోటె బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి సంచిని సీటు మీదికి విసిరేది. అంతే, సీటు మాది. ఆ సంచిని ముట్టే మగాడు చింతామణిలో పుట్టలేదని అవ్వ ధీమా. ఇక మేము తీరిగ్గా బొరుగులు కొనుక్కుని వచ్చేవాళ్లం.

ఒకసారి అవ్వ పూలు బేరమాడుతుండగానే బస్సు కదిలింది. కింద అవ్వ పక్కనే ఉన్న నేను ఏడుపు అందుకున్నాను. లోపలున్నవాళ్లంతా ఒక్కసారిగా అరిచారు.

"సంచి ఉండాది, మనిషి రాలేదు. నిలుపప్పా!"

బస్సు ఆగింది. అవ్వ నిదానంగా ఎక్కి, "అంత తొందరేమప్పా, పెండ్లికి పోతాండావా?" అని డ్రైవరునే గదిమింది.

పోయిన చలికాలం అక్కకు జబ్బు ముదిరింది. బావ ఆఫ్రికాలో అంగడి పెట్టుకున్నాడు, పెళ్లయినప్పటినుంచీ అక్క అక్కడే. డాక్టర్లు చేతులెత్తేశారని బావ ఫోనులో చెబుతుంటే, అక్క మధ్యలో అందుకుని, "పితికిపప్పు ఏంచుకోని రావే, నోరు చప్పగుండాది" అంది. ఇప్పుడు నేనుంటున్న చింతామణి ఇంట్లో కూర్చుని అనపగింజలు నానబెట్టి, తోలు పితికి, వేయించి, ఆ సంచిలో పెట్టుకుని దేవనహళ్లిలో విమానం ఎక్కాను. ప్రాణముండగా అక్కను చూడాలి, అదొక్కటే నా ధ్యాస.

గల్ఫ్‌లో విమానం మారాలి. ఆ ఎయిర్‌పోర్టులో ఒక కొస నుంచి ఇంకో కొసకు పోవడానికి లోపలే రైలు ఎక్కాలి. బాణం గుర్తులు చూసుకుంటూ, యూనిఫారం కనబడిన ప్రతి ఒక్కరికీ టికెట్టు చూపిస్తూ ఎట్లాగో గేటు చేరాను. ఖాళీ కుర్చీ కనబడింది. సంచిని దాని మీద పెట్టి మొహం కడుక్కోవడానికి పోయాను. చింతామణి మనిషిని, నాకు ఇంకేం తోస్తుంది?

తిరిగి వచ్చేసరికి కుర్చీ చుట్టూ తాడు కట్టి పోలీసులు జనాన్ని దూరంగా పంపుతున్నారు. నాదేనని పరుగెత్తాను. ఒక గదిలో కూర్చోబెట్టి, సంచిని కుక్కతో వాసన చూపించి, పితికిపప్పును తెల్లటి బల్ల మీద పోసి కెలికి, అడిగిందే మళ్లీ మళ్లీ అడిగారు. వాళ్ల పని వాళ్లు చేశారు, ఎవరినీ అనడానికి లేదు. నన్ను వదిలేసరికి గేటు మూసేశారు. అద్దం అవతల విమానం ఇంకా కదలకుండా నిలబడే ఉంది. కౌంటరులో అమ్మాయి ముందు నాకొచ్చిన అన్ని భాషల్లోనూ ఏడ్చాను. తలుపు వేశాక తియ్యకూడదంది. మనిషి రాలేదని అరిచేవాళ్లు ఆ విమానంలో ఒక్కరూ లేరు.

మరుసటి విమానంలో నేను దిగేసరికి అక్క పోయింది. "చిన్నదానికి బస్సు దొరికిందా?" అని చివరిదాకా అడుగుతూనే ఉందట.

ఇప్పుడు చింతామణి బస్టాండులో సంచులు విసిరే పిల్లలు లేరు. విసిరినా పక్కకు నెట్టి కూర్చుంటారు, రాని మనిషి కోసం ఎవరూ బస్సు ఆపరు. నిన్న జంగమకోటెకు పోతూ, ఎందుకో నాకే తెలియదు, పక్క సీట్లో ఆ సంచి పెట్టుకున్నాను. కాలేజీ పిల్ల ఒకతె వచ్చి నిలబడింది.

"ఈడ ఎవురన్నా వస్తారా అమ్మా?"

సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"రారమ్మా. కూర్చో."