సగం గింజ

డెల్మార్ వోగ్ట్ తన డెబ్భై రెండేళ్లలో పదకొండు కుక్కల్ని పెంచాడు. ఒక్కదానికీ తినడం నేర్పలేదు. ఆవుల కొట్టం గుమ్మం దగ్గర ఓ ఇనుప మూకుడు ఉండేది. అందులో ఏది పోస్తే అది తినేవి, అవి వదిలేస్తే పిల్లులు తినేవి. "నిండు మూకుడు ముందు పెట్టుకుని ఆకలితో చచ్చిన కుక్కని నేను చూళ్లేదు" అనేవాడు అతని తండ్రి. డెల్మార్ కూడా అదే అంటూ వచ్చాడు. విస్కాన్సిన్‌లోని ఆ లోయలో ఆ మాటకు ఎదురు చెప్పినవాళ్లెవరూ లేరు.

కిందటి చలికాలానికి ముందు ఆవులన్నిటినీ అమ్మేశాడు. మోకాళ్లు ఇక వంగనన్నాయి. అయినా పాలు పితికే వేళకే మెలకువ వచ్చేది. బూట్లు తొడుక్కుని ఖాళీ కొట్టంలోకి వెళ్లి, కాసేపు నిలబడి తిరిగొచ్చేవాడు. అది చూడలేకే భార్య ఆర్లీన్ ఒక కుక్కపిల్లను తెచ్చింది. అరచేతిలో ఇమిడిపోయే యార్కీ జాతి పిల్ల. పేరు బటన్.

"ఇదీ ఒక కుక్కేనా? ఆవు దీన్ని చూస్తే ఈగనుకుని తోకతో కొట్టేస్తుంది," అన్నాడు డెల్మార్.

"నీకిప్పుడు ఆవుల్లేవుగా. దానికేం భయం లేదు," అంది ఆర్లీన్. కాసేపాగి, "ఇంట్లో ఆకలేసేది ఒకటుండాలి, డెల్," అంది.

మొదట్లో ఆమె బటన్‌కు ఉడికించిన కోడిమాంసం వేళ్లతో తినిపించేది. పశువుల డాక్టరు మారిట్ ఆ ఒక్కటీ చాలదంది. ఎముక గట్టిపడాలంటే చిన్నజాతి కుక్కపిల్లల కోసం చేసే ఎండు తిండి గింజలు అలవాటు చేయమంది. ఆర్లీన్ ఓ సంచి కొనుక్కొచ్చింది. గింజలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి, మెదిపి కాస్త మాంసం కలపాలి, రోజురోజుకీ నీళ్లు తగ్గించాలి. ఇదంతా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. ఆ ఆదివారం సాయంత్రం బటన్‌కు తినిపించి, చెత్త పారేయడానికి బయటికెళ్లి మెట్ల మీది మంచులో జారిపడింది. తుంటి విరిగింది.

అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే, "దానితో మొండికేయకు, డెల్. అది నీలాంటిది కాదు," అంది.

ఆ మాట అతనికి గుచ్చుకుంది. మర్నాడు పొద్దున కాగితం చదివాడు. కుక్కకి గంజి కాయడమేమిటి అనుకున్నాడు. గిన్నెలో ఎండు గింజలు పోశాడు. బటన్ వాసన చూసింది. ఒక గింజను ముక్కుతో దూరంగా తోసి, అతని ముఖంలోకి చూసింది. పది నిమిషాలు ఆగి గిన్నె తీసేశాడు. మధ్యాహ్నమూ అంతే, సాయంత్రమూ అంతే. ఆకలే నేర్పుతుందిలే అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఆర్లీన్ ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. మందు మత్తులో మాట సాగుతోంది.

"బటన్ తిందా?"

"తింది."

"గింజలేనా?"

"గింజలే."

"నా తల్లే," అని ఆమె ఏడ్చేసింది. ఒక్క ముక్క అబద్ధానికి అంత సంతోషం రావడం చూసి అతనికి భయం వేసింది.

తెల్లవారి వంటింట్లోకి వచ్చేసరికి బటన్ పొయ్యి పక్కన దుప్పటి మీద ఒరిగిపోయి ఉంది. పిలిస్తే తల ఎత్తింది కానీ తల నిలవలేదు. నిలబెడితే తూలి పడింది. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. ఈ తూలడం డెల్మార్‌కు తెలుసు. ఈనిన కొత్తలో మేత మానేసి, ఒంట్లో చక్కెర పడిపోయిన ఆవులు ఇలాగే తూలేవి, ఇలాగే ఎటో చూసేవి. వాటి గొంతులో తీపి మందు పోసేవాడు. ఇప్పుడు మేపుల్ పాకం సీసా తీసి, వేలికి రాసుకుని బటన్ చిగుళ్లకు పట్టించాడు. వేలు దాని నోటికి మరీ పెద్దదైంది. దాన్ని చొక్కా లోపల పెట్టుకుని బండి తీశాడు.

డాక్టరు మారిట్ సూది గుచ్చుతూ అడిగింది. "ఆఖరిసారి ఎప్పుడు తింది?"

"మొన్న సాయంత్రం."

"వోగ్ట్ గారూ, పుట్టిన దూడని మీరు ఒక పూటైనా పస్తుంచారా?"

"దూడ వేరు కదమ్మా."

"వేరే. దూడకి ఒళ్లుంటుంది. దీనికి దాచుకోడానికి ఒంట్లో చోటెక్కడుంది? నాలుగ్గంటలకోసారి కడుపులో ఏదో ఒకటి పడాలి. మీ నాన్నగారి మాట నేనూ విన్నాను, పెద్ద కుక్కలకి పనికొస్తుంది. దీన్ని మాత్రం చంపేస్తుంది."

డెల్మార్ టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఆ గదిలో ఆవుల గురించి ఆమెకే సలహాలిచ్చిన మనిషి.

దారి పొడవునా దూడ మాటే అతన్ని వెంటాడింది. దూడలకు దాణా నేర్పింది తనేగా. పాల సీసా ఖాళీ అయ్యాక కూడా దూడ చప్పరిస్తూనే ఉంటుంది. అప్పుడు నోట్లో వేలు పెట్టి, వేలి పక్కనుంచి చిటికెడు దాణా జార్చాలి. పాలనుకుంటూనే అది దాణా మింగుతుంది. వందల దూడలకు అలా నేర్పాడు. ఎన్నడూ నామోషీ అనిపించలేదు.

ఇంటికొచ్చి ఫ్రిజ్ మీది కాగితం తీసి, అందులో ఉన్నది ఉన్నట్టు చేశాడు. మెదిపిన గింజలు చిటికెన వేలి కొసన పెట్టాడు. బటన్ నాకింది. అలా గడియారం చూసుకుంటూ మూడు రోజులు తినిపించాడు. గురువారం నాకుతుండగా వేలి పక్కనుంచి ఒక ఎండు గింజ జార్చాడు. ఉమ్మేసింది. ఇంకోటి జార్చాడు. అదీ ఉమ్మేసింది. మెత్తటిది పెడితేనే తిన్నది.

రోజూ సాయంత్రం ఫోన్లో మాత్రం, "తింటోంది" అనే చెప్పాడు.

శుక్రవారం ఆర్లీన్ అంది. "రేపు నన్ను నడక నేర్పే చోటికి మారుస్తారట. మూడు వారాలు. ఇక్కడి తిండి నోట పెట్టబుద్ధి కావట్లేదు డెల్. బటన్ గింజలు నములుతోందనుకుంటూ రెండు చెంచాలు మింగుతున్నా."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆర్లీన్, నేను నీకు అబద్ధం చెప్పాను." గిన్నె తీసేయడం, తూలడం, సూది, అంతా చెప్పాడు.

అవతల ఎక్కడో మంచం చక్రాలు దొర్లుతున్న చప్పుడు వినిపించింది.

"చస్తుందనుకున్నావా?" అంది ఆర్లీన్.

"అనుకున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు? నేను చస్తాననా?"

అంతలో పొయ్యి వెనక నుంచి 'కటుక్' మని వినబడింది. బటన్ గిన్నెలోంచి ఎప్పుడో ఒక ఎండు గింజ ఎత్తుకెళ్లినట్టుంది.

"అదేం చప్పుడు? నమిలిందా?" అంది ఆర్లీన్.

తింది అనబోయి ఆగాడు. "ఉండు, చూసి చెప్తా."

ఫోను తీగ సాగదీసుకుంటూ వెళ్లి, గోడ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక్కో మోకాలూ ఒక్కో మూలుగు మూలిగింది. పొయ్యి వెనక బటన్ గింజను కాళ్ల మధ్య పెట్టుకుని ఉంది.

"సగం తింది," అన్నాడు.

"మిగతా సగం?"

"దాని ముందే ఉంది. నేనిక్కడే ఉన్నా ఆర్లీన్, చూస్తున్నా."