తీగ సాగని ఆయిల్

మా కారుకి నేనొక పుస్తకం పెట్టాను. పెట్రోలు పోయించిన తేదీ, మీటరు అంకె, ఎన్ని లీటర్లు, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందీ అందులో ఉంటాయి. ట్రాక్టరుకి వేరే పుస్తకం. రెండూ కలపను. కలిపేవాళ్ళంటే నాకు గౌరవం లేదు.

కారు నడిపేది మా ఆయన. నాకు నడపడం రాదు, నడిపేవాళ్ళని దిద్దడం మాత్రం వచ్చు. ఆయన ప్రతి మంగళవారం ఎడపల్లి నుంచి నిజామాబాద్ వెళ్ళి, పసుపు మార్కెట్టు దగ్గర తన ఈడు వాళ్ళతో టీ తాగి వస్తారు. మోకాళ్ళు అరిగిన మనిషికి వారంలో అదొక్కటే ప్రయాణం.

కారుకి ఆయిల్ మార్చాల్సి వచ్చినప్పుడు ఆయనొక డబ్బా కొనుక్కొచ్చారు. మూత తీసి రెండు వేళ్ళ మధ్య సాగదీశాను. తీగ రాలేదు, నీళ్ళలా జారిపోయింది. గానుగ దగ్గర ఇరవై ఏళ్ళు బెల్లం పాకం చూసిన వేళ్ళు నావి. తీగ సాగని దాన్ని నమ్మవు.

"మిమ్మల్ని మోసం చేశారు," అన్నాను.

ఆ రోజే ట్రాక్టరు ఆయిల్ మార్చడానికి ఒకతను వచ్చాడు. ఆ చిక్కటి ఆయిలే కారులోనూ పోయమన్నాను. నసిగాడు. నేను వినలేదు.

తర్వాత, లీటరుకి పద్దెనిమిది ఇచ్చే కారు పదహారుకి దిగింది. బంకు మార్పించాను. ఖరీదైన పెట్రోలు పోయించాను. అంకె కదల్లేదు. ఇక మిగిలింది ఆయన కాలు.

"మీరు యాక్సిలేటర్ తెగ తొక్కేస్తున్నారు."

"మెట్లెక్కడానికే లేవని కాలే ఇది! ఇంకా తొక్కడం కూడానా?"

తాళం బీరువాలో పెట్టాను. రెండు మంగళవారాలు ఆయన బస్సులో నిలబడి వెళ్ళొచ్చారు. మూడో మంగళవారం వెళ్ళలేదు. ఏమని అడిగితే, "అక్కడ టీ బాగుండటం లేదు," అన్నారు.

అన్నాళ్ళూ నిలబెట్టిన కారు, ఒక పొద్దున స్టార్టు చేయిస్తే మూలిగింది. నిజామాబాద్‌లో మెకానిక్‌కి చూపించక తప్పలేదు. తాళం ఆయనకే ఇచ్చి, పక్కన కూర్చుని దారంతా స్పీడు ముల్లునే చూశాను.

మెకానిక్ ఆయిల్ కొలిచే పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు.

"అవ్వా, గిదేం నూనె పోసిండ్రు?"

కారు పుస్తకం తిరగేశాను. ఆయిల్ మార్చినట్టే లేదు! డబ్బా ట్రాక్టరుది కాబట్టి ఆ పుస్తకంలో రాసుకున్నాను.

"ట్రాక్టరుది," అన్నాను.

"గంత చిక్కటిది గీ చిన్న ఇంజన్ల పోస్తె ఎట్ల తిరుగుతదవ్వా? కంపెనీ బుక్కుల రాసే ఉంటది."

డ్యాష్‌బోర్డు అరలోంచి కారుతో వచ్చిన పుస్తకం తీశాడు. ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. ఏ గ్రేడు ఆయిలో ఉంది. మామూలు పెట్రోలు చాలనీ ఉంది. రెండు పుస్తకాలు రాసిన దాన్ని, ఆ ఒక్కటీ చదవలేదు.

"మరి మైలేజీ?"

"ఇంజన్ కష్టపడితె ఎక్కువ తాగదా మల్ల? బాపు ఏం జేస్తడు, పాపం."

ఆయన ఆ పుస్తకం అందుకుని, జాగ్రత్తగా మళ్ళీ అరలో పెట్టేశారు. నన్నొక మాట అన్నా బాగుండేది.

పలచటి ఆయిల్ పోయించాక తాళం నేనే ఆయన చేతిలో పెట్టాను.

"ఇక మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాను. అంతకు మించిన క్షమాపణ నాకు చేతకాదు.

తలూపి కారు తీశారు. నలభైలో పోనిచ్చారు. బస్సులు దాటిపోయాయి, ఆటోలు దాటిపోయాయి, చివరికి చెరకు లోడుతో ఉన్న ట్రాక్టరు కూడా హారన్ కొట్టి దాటిపోయింది.

"కాస్త తొక్కండి," అన్నాను.

"మైలేజీ పడిపోతుందే," అన్నారు.

ఎడపల్లి దాకా ముల్లు నలభై దాటలేదు.