సులోచన నీలం డ్రమ్ములు

సులోచనకూ ఆమె మరిది లక్ష్మీనర్సయ్యకూ పడదన్న సంగతి దంతాలపల్లికి కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లకు కూడా వారం తిరక్కుండా తెలిసిపోతుంది. ఉప్పూ నిప్పూ అంటే వీళ్లిద్దరే. మధ్యలో నడుమెత్తు గోడ. గోడకు అటు అతని కిరాణా దుకాణం, దాని వెనక ఇల్లు, గోదాం. ఇటు రెండు గదులు, ఒక వాకిలి, ఆమె. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. వదిన ఖాళీ చేసి పోతే ఆ రెండు గదులూ గోదాంలో కలుపుకోవచ్చని అతని ఆశ. చచ్చినా కదలనని ఆమె పంతం.

పాతికేళ్లు ఆ ఉమ్మడి ఇంట్లో అంట్లు తోమి, బట్టలు ఉతికి, బండలు కడిగిన చేతులు ఆమెవి. దుకాణంలో ఏ కొత్త సబ్బు దిగినా, ఏ యాసిడ్ సీసా వచ్చినా మొదటి పరీక్ష ఆ చేతుల మీదే. చివరికి అరచేతులు బీటలు వారి, అన్నం కలుపుకుంటే కారం మండి కళ్ల నీళ్లు వచ్చేవి. మానుకోట దవాఖానలో డాక్టర్ ఆ పొడులూ యాసిడ్లూ ముట్టుకోవద్దన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే లక్ష్మీనర్సయ్య నవ్వాడు. సబ్బులమ్ముకొని బతికే ఇంటికి సబ్బు పడని కోడలు దొరికిందని నలుగురి ముందు అన్నాడు. ఆ నవ్వును ఆమె మరిచిపోలేదు. మరిచిపోయే మనిషే కాదు.

కురవిలో తల్లిగారింట్లో చిన్నప్పుడు చూసిన పనులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, నానబెట్టి, ఉడికించి, పిసికి వడగడితే బట్టలకూ గిన్నెలకూ చాలినంత నురుగు. ఇత్తడికి చింతపండు పిప్పి, ఉప్పు. బండలు కడిగే నీళ్లు మాత్రం ఫోన్లో చూసి నేర్చుకుంది. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు బత్తాయి తొక్కలు, పది పాళ్లు నీళ్లు. డ్రమ్ములో పోసి, పైన కొంత ఖాళీ ఉంచి మూత పెట్టాలి. మొదటి నెలంతా రోజూ మూత సడలించి గాలి వదలాలి. లేకపోతే మూత లేచిపోయి ఇంటికప్పుకు తగులుతుంది. ఒకసారి తగిలింది కూడా. మూడు నెలలకు ఆ నీళ్లు పుల్లగా, బత్తాయి వాసనతో తయారవుతాయి. బస్టాండు దగ్గర జ్యూస్ బండి అతను పారేసే తొక్కలన్నీ రోజూ ఈమె వాకిట్లోకే వచ్చేవి.

మొదట తన కోసమే చేసుకుంది. చేతులు మానాయి. అది చూసి ఎదురింటి కట్టమ్మ ఒక సీసా అడిగింది. తర్వాత కట్టమ్మ చెల్లెలు, ఆ తర్వాత బడి టీచరమ్మలు. రెండేళ్లలో ముప్పై ఇళ్లయ్యాయి, సులోచన పూట గడిచేది వాటి మీదే. మరిది ముందు చెయ్యి చాచకుండా బతుకుతున్నానన్న గర్వం ఆమె నడకలోనే కనబడేది. అతనికి కడుపు మండేదీ ఆ నడక చూసే.

ఒకరోజు నిండు బేరం వేళ కట్టమ్మ అతని దుకాణంలో నిలబడి, "మీ వదినెనే ముట్టని ఫినాయిల్ మాకెందుకు అంటగడుతవ్ సేటూ" అంది. జనం నవ్వారు. ఆ సాయంత్రమే లక్ష్మీనర్సయ్య తన దుకాణం నుంచి వదినకు బెల్లం ముక్క కూడా అమ్మొద్దని పనివాళ్లకు ఆర్డరు వేశాడు. ఊళ్లో వేరే దుకాణాలు లేవా? ఉన్నాయి. ఆమె అక్కడే కొని, సంచి ఊపుకుంటూ అతని కళ్ల ముందు నుంచే ఇంటికొచ్చేది.

అతని భార్య శశికళ నోట్లో నాలుక లేని మనిషి. భర్త ఉండగా తోటికోడలి వైపు కన్నెత్తి చూడదు. కానీ ఆమె చేతులూ అదే సబ్బులకు పగిలిన చేతులే. భర్త దుకాణంలో కూర్చోగానే గోడ మీద ఖాళీ సీసా పెట్టేది. సులోచన నింపి మళ్లీ అక్కడే పెట్టేది. ఏడాదిగా ఈ బేరం మాటల్లేకుండా నడుస్తోంది. వానలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం సీసాతో పాటు ఒక గోనెసంచి కూడా గోడ దాటింది. అందులో నల్లబెల్లం. గోదాం కారి కరిగింది, చీమలు పట్టింది, పారేయమన్నాడట. పారేసే బదులు అక్కకు పనికొస్తుందని ఇచ్చింది.

సులోచన తప్పు చేసింది ఇక్కడే. ఆ జిల్లాలో నల్లబెల్లం అంటే గుడుంబా, నాటుసారా. ఎవరింట్లో అది సంచుల్లో కనబడినా దేవుడికి పరమాన్నం వండుతున్నారని ఎవరూ అనుకోరు. అందుకే దాన్ని అమ్మడం మీద కట్టడి ఉంది. షావుకారింటి మనిషై ఉండి, ఇదంతా తెలిసి ఉండి, ఊరికే వచ్చిందన్న సంబరంలో ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. పైగా నానబెట్టింది పెద్ద నీలం డ్రమ్ముల్లో. గుడుంబా కాచేవాళ్లు బెల్లం పానకం పులియబెట్టేదీ అటువంటి డ్రమ్ముల్లోనే. తాటిచెట్టు కింద కూర్చొని పాలు తాగినా కల్లే అంటారు. ఈమె ఏకంగా కల్లుముంతలోనే పాలు పోసుకుంది.

వారాలు గడిచేకొద్దీ పులిసిన వాసన గోడ దాటింది. గోడ మీంచి తొంగి చూసిన లక్ష్మీనర్సయ్యకు రెండు నీలం డ్రమ్ములు, వాటి పక్కన నల్లబెల్లం అంటిన సంచి కనబడ్డాయి. ఆ బెల్లం ఎవరిదని ఆలోచించలేదు. ఫోన్ తీశాడు.

మర్నాడు పొద్దున పది గంటలకు ఆబ్కారీ జీపు వచ్చి వాకిలి ముందు ఆగింది. బజారంతా మూగింది. గుడుంబా కేసు పడితే ముప్పై ఇళ్లలో ఒక్క ఇల్లు కూడా ఆమె సీసా ముట్టదు. తిండి పోతుంది, పేరు పోతుంది, ఆ తర్వాత ఆ రెండు గదులూ పోతాయి. జనం ముందు వరుసలో మరిదిని చూడగానే ఇది ఎవరి పనో ఆమెకు అర్థమైంది. భయం పోయి ఒళ్లంతా మంట లేచింది.

అధికారి నెమ్మదస్థుడు. మూత తీసి చూపించమ్మా అని మామూలుగానే అడిగాడు. ఆమె మూత మీద చెయ్యి వేసేలోపే లక్ష్మీనర్సయ్య ముందుకొచ్చి, "గిదే సారూ, గుడుంబా పానకం. మా ఇంటి ఇజ్జత్ తీస్తున్నది" అంటూ డ్రమ్మును కాలితో ఒక్క తన్ను తన్నాడు. డ్రమ్ము దొర్లింది. పది వారాల నీళ్లు వాకిలంతా పారి, అతని చెప్పుల కింద నుంచి మోరీలోకి పోయాయి.

సులోచన మూలనున్న చీపురు అందుకొని, ఒలికిన నీళ్లతోనే వాకిలి బండలు రుద్దడం మొదలుపెట్టింది. అతని కాళ్ల మీదికే రుద్దింది. అతను వెనక్కి జరిగితే ఆమె ముందుకు జరిగింది. వానలకు నాచు పట్టి జిడ్డు పేరుకున్న షాబాదు బండలు చీపురు తగిలిన చోటల్లా తేటపడ్డాయి. వాకిలంతా బత్తాయి వాసన. కట్టమ్మ ముక్కు ఎగబీల్చి, గుడుంబా గిట్ల వాసనొస్తదా అని పక్కవాళ్లను అడిగింది. అధికారి రెండో డ్రమ్ములో వేలు ముంచి వాసన చూసి, పరీక్షకు ఒక సీసా నింపించుకొని, మిగతాది ముట్టుకోవద్దని తన మనుషులకు చెప్పాడు.

గండం గడిచిందనుకుంది సులోచన. అప్పుడే అధికారి చూపు సంచి మీద పడింది.

"నీళ్ల సంగతి పరీక్షల తెలుస్తది గని, గీ నల్లబెల్లం ఎవరమ్మిన్రమ్మా నీకు?"

సంచి లోపలి వైపు బయటికి తిరిగి ఉంది. తిప్పితే ఎర్ర రంగుతో లక్ష్మీనర్సయ్య దుకాణం గుర్తు ఉంటుంది. అది సులోచనకు తెలుసు. ఆ క్షణాన లక్ష్మీనర్సయ్యకూ తెలిసింది. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. తొమ్మిదేళ్ల కసి ఆమె నాలుక చివరికొచ్చింది. ఒక్క మాట అంటే చాలు, అతను తీసిన గోతిలో అతనే పడతాడు. కానీ గోడకు అటు వైపు శశికళ నిలబడి ఉంది. పేరు చెబితే ఆ సంచి ఎవరి చేతి మీదుగా వచ్చిందో అతనికి తెలుస్తుంది, ఆ తర్వాత ఆ ఇంట్లో శశికళకు నరకమే. సులోచన పళ్లు బిగబట్టి నేల చూసింది. చెప్పకపోతే కేసు నీ మీదే పడుతుందని అధికారి ఇంకోసారి హెచ్చరించాడు. అయినా ఆమె నోరు విప్పలేదు. లక్ష్మీనర్సయ్య మొహం మళ్లీ తేటపడింది. ఆ తేటపడటం చూసి ఆమెకు అతణ్ని చీపురుతోనే కొట్టాలనిపించింది.

భర్త మొహం శశికళ కూడా చూసింది.

"నేనిచ్చిన సారూ," అంది గోడ అవతలి నుంచి. "అక్క తప్పేం లేదు. మా గోదాములది. ఇంక నాలుగు బస్తలున్నయ్, వచ్చి చూసుకోండ్రి."

ఆమె గొంతు ఇంత పెద్దదని బజారుకు అప్పటిదాకా తెలియదు. జీపు ముందుకు కూడా కదల్లేదు. వచ్చినవాళ్లు నాలుగడుగులు నడిచి అటు ఇంట్లోకి పోయారు. బస్తాలు బయటికొచ్చాయి. కేసు లక్ష్మీనర్సయ్య పేరున రాసుకున్నారు. దుకాణం షట్టరు వారం రోజులు లేవలేదు.

మూడో రోజు అతను గోడ దగ్గరికొచ్చి, వదినె తన ఇంట్లో చిచ్చుపెట్టిందనీ, ఇక ఆమె చేతి మురికి నీళ్లు తన గడప తొక్కవనీ అరిచాడు. సులోచన కుంకుడు గింజలు తీస్తూనే జవాబిచ్చింది.

"ఏడాది సంది నువ్వు తింటున్న కంచం నా నీళ్లతోనే తోముతున్నరు నర్సయ్యా. ఇప్పుడు నోరు కడుక్కుంటవో, కంచం పారేస్తవో నీ ఇష్టం."

వారంలో అతను గోడ మీద ఇంకో మనిషెత్తు ఇటుకలు లేపించాడు. సీసా పెట్టడానికి చెయ్యి అందకుండా. పరీక్షలో ఆ నీళ్లలో సారా ఏమీ లేదని తేలిందనీ, అమ్ముకోవచ్చనీ సులోచనకు కబురొచ్చింది. మిగిలిన డ్రమ్ము వడగట్టే రోజున వాకిట్లో ఎవరిదో అడుగుల చప్పుడైంది. శశికళ. ఇంటి ముందు తలుపులోంచి బయటికొచ్చి, షట్టరు తెరుచుకొని కూర్చున్న భర్త ముందు నుంచి, బజారు మీదుగా నడిచి వచ్చింది. రెండు ఖాళీ సీసాలు చేతుల్లోనే ఉన్నాయి, సంచిలో దాచలేదు.

"రెండూ నింపక్కా," అంది. "ఒకటి ఇంట్లకు. ఇంకోటి దుకాణం గడపకు. బగ్గ గలీజున్నది."