ముందు మన ఇంటి పాలు

చిన్నాయన పోయారని ఫోను వచ్చినప్పుడు మదనపల్లెలో మా ఇంట్లో దేవుడి గూటి ముందు ఒత్తి సరిచేస్తున్నాను. "పోయినాడమ్మా, నిద్దర్లోనే" అంది చిన్నమ్మ. దీపం వెలిగించాలో వద్దో తెలియలేదు. వెలిగించలేదు.

పుంగనూరు బస్సులో కూర్చున్నాక ఒక మామూలు పొద్దు గుర్తుకు వచ్చింది. చౌడేపల్లె దగ్గర మా ఊరు. పాల కేంద్రం ముందు చెంబులు, క్యాన్లు పట్టుకుని జనం. తలకు తువ్వాలు చుట్టుకున్నవాళ్లు, కొంగు కప్పుకున్నవాళ్లు. చిన్నాయన ఆ కేంద్రానికి ప్రెసిడెంటు. తాళం తీసి, బల్ల తుడిచి, అందరూ చూస్తుండగా తన ఇంటి పాలలో లాక్టోమీటరు వేసేవారు. అది తేలితే మంచి పాలు, మునిగితే నీళ్ల పాలు. ఆ తర్వాతే ఊరి పాలు.

"యాలప్పా దినామూ ఈ తంతు? నీ పాలల్లో నీళ్లుంటాయా?" అని ఎవరో నవ్వారు.

"ముందర మన సెంబులో ముంచితేనే ఎదుటోని సెంబులో ముంచేకి మొగముంటాది" అన్నారు చిన్నాయన, తలెత్తకుండానే.

మా నాన్న చిన్న వయసులోనే పోయారు. ముగ్గురు అక్కచెల్లెళ్లం, ఒక తమ్ముడు. మమ్మల్ని పెంచింది పిల్లలు లేని ఈ చిన్నాయన, చిన్నమ్మే. నేను పెద్దదాన్ని. తమ్ముడు చిన్నాయన దగ్గరే ఉండి ఆవులను చూసుకునేవాడు.

తొమ్మిదేళ్ల కిందట ఒక పొద్దు మా ఇంటి పాలలో లాక్టోమీటరు మునిగిపోయింది. చిన్నాయన మళ్లీ వేశారు. మళ్లీ మునిగింది.

"నేను నీళ్లు కలపలేదు చిన్నాయనా" అన్నాడు తమ్ముడు.

"నువ్వు కలపకపోతే ఆవు కలిపిందా?" అన్నారు ఆయన. జనం వైపు తిరిగి, "మావోడు నీళ్లు కలిపినాడు. వారం దినాలు మా ఇంటి పాలు పొయ్యము" అన్నారు. నలభై మంది ముందు.

ఆ నెలలోనే తమ్ముడు కుప్పం వెళ్లిపోయాడు. బోరు మోటార్లు రిపేరు చేసే కొట్టులో చేరాడు.

చిన్నాయనకు ఒక అలవాటు. సాయంత్రం క్యాను కడిగాక వాసన పట్టకుండా అడుగున రెండు చెంబుల నీళ్లు పోసి ఉంచుతారు. పొద్దున్నే తనే పారబోస్తారు. మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం అలా నీళ్లు పోస్తూ ఆగిపోయారట. లాక్టోమీటరు మునిగిన ఆ పొద్దు తను జ్వరంతో ఆలస్యంగా లేచి, నీళ్లు పారబోయలేదని అప్పుడు తట్టింది. కరెంటు లేదు. తమ్ముడు చీకట్లో ఆ నీళ్ల మీదే పాలు పోశాడు.

మరునాడు కేంద్రం దగ్గర అందరినీ నిలబెట్టి చెప్పారు: "నీళ్లు నేను పోసి పెట్టినవే. మావోని తప్పు లేదు. తప్పు నాది."

తర్వాత మదనపల్లెకు, మా ఇంటికి వచ్చారు. కాఫీ చల్లారిపోయేదాకా తాగలేదు. "వానికి నువ్వు సెప్పమ్మా. నువ్వు సెప్తే వింటాడు" అన్నారు.

"నువ్వే సెప్పల్ల చిన్నాయనా. నీ నోటితోనే వినల్ల వాడు" అన్నాను.

"ఊ" అన్నారు. కుప్పం బస్సే ఎక్కారు. కానీ దారిలో పుంగనూరులోనే దిగి ఊరికి వెళ్లిపోయారని తర్వాత తెలిసింది. నేను దేవుడికి రోజూ చెప్పుకున్నాను. తమ్ముడికి చెప్పలేదు. ఈరోజు చెబుతారు, రేపు చెబుతారు అనుకుంటూ ఉండిపోయాను. వాడికి తెలిసే ఉంటుందని ఊరు అనుకుంది. పండక్కి పిలిస్తే వాడు వచ్చేవాడు. చెప్పిన పనల్లా చేసేవాడు. ఆవుల కొట్టం వైపు మాత్రం వెళ్లేవాడు కాదు.

కొడుకు వరస కాబట్టి చిన్నాయనకు తలకొరివి వాడే పెట్టాడు. పన్నెండో రోజు కేంద్రం దగ్గర జనం కూడారు. పాలు పోసే ఒకామె లేచింది. "మా ఆవు కన్నా ముందర తన ఆవును అనుమానించేటోడు ఆయప్ప" అంటే అందరూ నవ్వారు. తర్వాత ఆమె, "కొడుకట్లాటోని మీద నింద ఏసి, ఈ కేంద్రం కాడనే అందరి ముందర తప్పు నాదన్నాడు. ఎవురంటారప్పా అట్ల? లీడరంటే ఆయప్ప!" అంది.

తమ్ముడు తలెత్తి నావైపు చూశాడు.

"అక్కా, నీకు తెల్సునా?"

తెలుసని తల ఊపాను.

వాడు చెప్పులు వేసుకుని బయటికి వెళ్లి రోడ్డు పక్కన నిలబడ్డాడు.

అప్పటి నుంచి నాకు ఒక సంగతి అంతుపట్టడం లేదు. నలభై మంది ముందు తల వంచగలిగిన మనిషి, ఒక్కడి ముందు ఎందుకు వంచలేకపోయారు? ఊరికి ఆయన నిజమైన పెద్ద. అది అబద్ధం కాదు. నాకు అన్నం పెట్టిన చెయ్యి, చదివించిన చెయ్యి ఆయనదే. ఆ రుణం తీరేది కాదు. అయినా ఒకే మనిషిలో అంత ధైర్యం, అంత పిరికితనం ఎలా ఉంటాయి? పిరికితనం అంటున్నాను గానీ, ఆయనదేనా అది, నాది కూడానా? ప్రార్థనలో కూర్చున్నా జవాబు రావడం లేదు.

పన్నెండో రోజు సాయంత్రమే కేంద్రం వాళ్లు చిన్నాయన పటం కట్టించి ఇంటికి తెచ్చారు. కింద "నిజమైన నాయకుడు" అని రాయించారు. కేంద్రంలో పెడతామని, తమ్ముడే తెర తీయాలని అడిగారు.

తమ్ముడు పటం వైపు చూశాడు. "పెట్టుకోండప్పా. మీకు ఆయన అట్లాటోడే" అన్నాడు. "తెర మాత్రం నా సేత కాదు."

"వాడు తియ్యకుండా ఎవురూ తియ్యొద్దు" అంది చిన్నమ్మ. "పటమేమన్నా పరిగెత్తిపోతాదా? ఈడే ఉంటాది."

అలాగే నిర్ణయించుకున్నాం. పటం గుడ్డ చుట్టి చిన్నమ్మ దగ్గరే ఉంటుంది. తమ్ముడు కుప్పం వెళ్తాడు. నెల మాసికానికి వస్తే వస్తాడు. తెర తీస్తానని తనే అనేదాకా ఎవరూ వాణ్ణి అడగకూడదు. నేను అసలే అడగకూడదు.